ఒక్క మోచెయ్యి, ముగ్గురు సార్లు

మా అక్కవాళ్లది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. అక్కడ పదేళ్ల పిల్లాడికైనా డెబ్బై ఏళ్ల తాతకైనా కీలు నొప్పి అంటే ముందు వచ్చే మాట "నీళ్లు". ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన ఊళ్లు, ఆ మాటను తప్పు పట్టలేం. అందుకే పోయినేడు మా మేనల్లుడు, పదమూడేళ్లవాడు, వరుసగా మూడు పూటలు ఎడమ చేత్తో అన్నం తినేసరికి అక్క భయపడి ఫోన్ చేసింది. "వీనికి గూడ నీళ్లే కొట్టినయి రా తమ్మీ" అని ఒకటే ఏడుపు. నేను అడిగింది ఒక్కటే, నొప్పి రెండు చేతులకా, ఒక్కదానికేనా అని. కుడి చేతికి మాత్రమే, అదీ మోచేతి లోపలి వైపు. నీళ్లు కుడి చేతికి ఒకరకంగా ఎడమ చేతికి ఒకరకంగా పోవు కదా అక్కా అన్నాను. వాడు స్కూల్ టీంలో బేస్‌బాల్ పిచ్చర్ అన్న సంగతి అప్పటిదాకా ఆమెకు ఆ నొప్పితో ముడిపెట్టాలని తోచనే లేదు. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తోచలేదు.

నల్గొండలో బేస్‌బాల్ ఏంది అని అడిగేవాళ్లు ఉంటారు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో బేస్‌బాల్ ఉంది, సాఫ్ట్‌బాల్ ఉంది. క్రికెట్‌లో బౌండరీ నుంచి కీపర్ చేతుల్లోకి నేరుగా విసిరే పిల్లాడు కంటపడితే చాలు, పీఈటీ సార్ వాడి చేతికి బేస్‌బాల్ ఇస్తాడు. పిచ్చర్ అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. క్రికెట్ బౌలర్‌లా పరిగెత్తుకుంటూ రాడు, నిలబడిన చోటి నుంచే మోచెయ్యి వంచి, ఒళ్లంతా తిప్పి, శక్తి మొత్తం బంతిలోకి పెట్టి విసురుతాడు. పెద్దవాళ్ల ఆటలో ఆ దూరం 18.44 మీటర్లు. అమెరికాలో పన్నెండేళ్లలోపు పిల్లలకు దాన్ని 14 మీటర్లకు తగ్గించారు. మన గ్రౌండ్‌లలో ఆ దూరాన్ని అడుగులేసి కొలుస్తారు, ఆ రోజు కొలిచే సార్ కాళ్లు ఎంత పొడవుంటే అంత.

ఆ ఆదివారం వాడిని కూర్చోబెట్టి, ఆ వారం ఎక్కడెక్కడ ఎన్నిసార్లు విసిరావు రా అని అడిగి కాగితం మీద రాశాను. సెలక్షన్ల వారం అది. మంగళవారం మ్యాచ్‌లో 68 బంతులు, అంతకుముందు వార్మప్‌లో ఒక 30. బుధవారం పిచ్చింగ్ చేయించలేదు కానీ క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా కూర్చోబెట్టారు, ప్రతి బంతినీ తిరిగి విసరాలి కాబట్టి అదొక 80. గురువారం ఫైనల్లో మళ్లీ 50, వార్మప్ 30. శుక్రవారం ఇంకో సార్ దగ్గర జావెలిన్, 20 విసుర్లు. శని, ఆదివారాల్లో టౌన్‌లో క్రికెట్ కోచింగ్, రోజుకి పది ఓవర్లు. కూడితే 398. ఇందులో బౌండరీ దగ్గర నిలబడి విసిరినవి లేవు, సాయంత్రం గల్లీలో ఆడినవి అసలే లేవు.

ముగ్గురు సార్లూ మంచివాళ్లే, ఇది వాళ్ల మీద ఫిర్యాదు కాదు. బేస్‌బాల్ సార్ "నేను వేయించింది రెండు మ్యాచ్‌లే" అన్నాడు. జావెలిన్ సార్ "ఇరవైకి ఒక్కటి గూడ ఎక్కువ వేయనియ్యలేదు" అన్నాడు. క్రికెట్ సార్‌కైతే వీడు బేస్‌బాల్ ఆడతాడనే తెలియదు. ఎవరి ఆట లెక్క వాళ్ల దగ్గర సరిగ్గానే ఉంది. చేతి లెక్కే ఎవరి దగ్గరా లేదు. ఇంత రాయడం ఆ ఒక్క సంగతి కోసమే.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మోచెయ్యి తలుపు మడతబందులాంటిది, ఒకే వైపు ముడుచుకుని తెరుచుకోవడానికి ఉన్న కీలు. బంతి విసిరేటప్పుడు ఒళ్లు ముందుకు వచ్చేస్తుంది, చెయ్యి ఇంకా వెనకే ఉంటుంది, ఆ క్షణంలో మోచేతి మీద బలం పక్కకి పడుతుంది. తలుపుని తెరుచుకునే వైపు కాకుండా పక్కకి గుంజితే ఏమవుతుంది, మేకులు కదులుతాయి. లోపలి వైపు సాగుతుంది, బయటి వైపు ఎముకలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఆ వెంటనే భుజం తిరిగే వేగం ఆరితేరిన పెద్ద పిచ్చర్లలో సెకనుకి 7000 డిగ్రీల దాకా కొలిచారు. ఆ లెక్కన ఆగకుండా తిరిగితే సెకనులో 19 చుట్లు తిరగాలి.

లోపలి వైపు సాగకుండా పట్టి ఉంచే తాడులాంటి దాని పేరు అల్నార్ కొలాటరల్ లిగమెంట్. మృతదేహాల మీద పరీక్షించినప్పుడు ఈ లిగమెంట్ సుమారు 32 న్యూటన్ మీటర్ల (మెలితిప్పే బలానికి కొలత) దగ్గర తెగింది. పెద్ద పిచ్చర్ విసిరే ప్రతి గట్టి బంతికీ మోచేతి మీద పడేది దానికి దాదాపు రెట్టింపు. మరి మొదటి బంతికే ఎందుకు తెగదు అంటే, ముంజేతి కండరాలు ఆ బరువులో వాటా తీసుకుంటాయి కాబట్టి. కండరం అలసిందా, దాని వాటా కూడా లిగమెంట్ మీదే పడుతుంది. అలసటకి ఇంత ప్రాధాన్యం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. నలభయ్యో బంతి, తొంభయ్యో బంతి బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, మోచేతికి మాత్రం కాదు.

ఇది పెద్దవాళ్ల సంగతి. పిల్లల్లో ఇంకో మెలిక ఉంది. వాళ్ల ఎముకల చివర గ్రోత్ ప్లేట్లు ఉంటాయి, ఎముక పెరిగే చోట్లు, ఇంకా గట్టిపడని మెత్తటి మృదులాస్థి. స్లాబ్ పోశాక సెంట్రింగ్ తీయకముందే పైన ఇటుకలు పేర్చరు కదా, పిల్లాడి చేతిలో అలాంటి పచ్చి చోట్లు చాలా ఉన్నాయి. మోచేతి లోపలి వైపు తగిలే బొడిపె దగ్గరి గ్రోత్ ప్లేట్ మగపిల్లల్లో పదిహేను, పదిహేడేళ్ల మధ్యలో గాని పూర్తిగా అతుక్కోదు. పెద్దవాళ్లలో లిగమెంట్‌ని తెంపే బలమే పిల్లల్లో ఈ మెత్తటి చోటుని విడదీస్తుంది, ఎందుకంటే వాళ్లలో లిగమెంట్ కంటే అదే బలహీనం. దీన్ని లిటిల్ లీగ్ ఎల్బో అంటారు, లిటిల్ లీగ్ అంటే అమెరికాలో పిల్లల బేస్‌బాల్ సంస్థ. భుజం దగ్గర అదే జరిగితే లిటిల్ లీగ్ షోల్డర్. చేతి పై ఎముక పొడవులో దాదాపు 80 శాతం ఆ భుజం దగ్గరి ప్లేట్ నుంచే పెరుగుతుంది, అంటే ఆషామాషీగా తీసుకునే చోటు కాదు.

మేము చూపించిన ఎముకల డాక్టర్ రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీయించారు. బాగున్న చేతికి డబ్బులెందుకు దండగ అని మా బావ గొణిగాడు కానీ, పెరిగే పిల్లల ఎముకల్లో ఏది మామూలు సందో ఏది విడిపోయిన సందో తేల్చాలంటే పక్కన రెండో చెయ్యి ఉండాలి. ఎడమ దానితో పోల్చి చూపిస్తే కుడి వైపు సందు వెడల్పుగా ఉందని నాకే కనబడింది. ఆరు వారాలు ఏదీ విసరొద్దన్నారు. ఆపరేషన్ లేదు, కట్టు లేదు, పెద్ద మందులు లేవు. ఇంత చిన్న వైద్యమా అని అక్కకి అనుమానం. పదమూడేళ్ల పోరడిని ఆరు వారాలు చేతికి పని చెప్పకుండా కూర్చోబెట్టి చూస్తే తెలుస్తుంది అది చిన్న వైద్యమో కాదో.

డాక్టర్ దగ్గరికి పోయేలోపు ఇంట్లో జరిగినవి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. ముందు స్ప్రే కొట్టారు. తర్వాత నూనె రాసి గట్టిగా తోమారు. తర్వాత మెడికల్ షాపులో అడిగి నొప్పి గోలీలు తెచ్చారు, వాడు అవి వేసుకుని గురువారం ఫైనల్ ఆడాడు. ఆ గోలీ చేసిందల్లా ఒక్కటే, ఆగరా అని చెప్పే నోరు మూయించింది. పక్క ఊళ్లో చెయ్యి గుంజి కట్టు కట్టే ఆయన దగ్గరికి బయలుదేరబోతుంటే నేను ఆపాను. ఆయన చేతి చలువతో బాగైనవాళ్లు ఉండొచ్చు, కానీ విడిపోతున్న గ్రోత్ ప్లేట్‌ని గుంజితే ఏం కావాలో అదే అవుతుంది.

ఈ మోచేతి గోలలో ఒక పేరు పదేపదే వినిపిస్తుంది, టామీ జాన్. అమెరికాలో లాస్ ఏంజిలస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ టీం పిచ్చర్. 1974లో ఆయన ఎడమ మోచేతి లిగమెంట్ పోయింది. అప్పటికి అలా అయితే ఆట అయిపోయినట్టే లెక్క. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ సెప్టెంబర్‌లో ఆయన కుడి ముంజేతి నుంచి ఒక స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే టెండన్) తీసి ఎడమ మోచేతిలో లిగమెంట్ చోట అల్లాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక వంతు అని జోబ్ అనుకున్నాడట. టామీ జాన్ 1975 అంతా ఆడలేదు, 1976లో తిరిగొచ్చాడు, 1989 దాకా ఆడాడు. పిచ్చర్‌గా ఆయన పేరున ఉన్న మొత్తం 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే. కథ గొప్పదే కానీ దాని నీడ పిల్లల మీద వేరేలా పడింది. అమెరికాలో ఒక సర్వేలో హైస్కూల్ ఆటగాళ్లలో సుమారు సగం మంది, గాయం లేకపోయినా ఈ ఆపరేషన్ చేయించుకుంటే బాగా విసరొచ్చని నమ్ముతున్నట్టు తేలింది. బాగున్న చేతిని కోయించుకోవడమన్నమాట. కోలుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, అందరూ పాత స్థాయికి రారు కూడా. 2007 నుంచి 2011 వరకు అమెరికా లెక్కలు తీస్తే ఈ ఆపరేషన్లలో సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల వాళ్లకే జరిగాయి.

అయితే అసలు తప్పు ఎక్కడుంది? చాలాకాలం కర్వ్ బాల్‌ని తిట్టారు, చిన్న వయసులో మణికట్టు తిప్పి బంతిని వంచితే మోచెయ్యి పోతుందని. ల్యాబ్‌లలో కొలిస్తే కర్వ్ బాల్‌కి మోచేతి మీద పడే బలం ఫాస్ట్ బాల్ కంటే ఎక్కువేమీ కనబడలేదు. చిన్నపిల్లలకు కర్వ్ బాల్ ముందే నేర్పమని నేను అనడం లేదు, ముందు సరిగ్గా విసరడం రావాలి. కానీ "మావాడు కర్వ్ వేయడు, వానికేం కాదు" అనుకోవడం ఉత్త భరోసా. పెద్ద దోషులు రెండు: ఎన్ని విసిరాడు, అలసిపోయాక కూడా విసిరాడా.

2006లో వచ్చిన ఒక అధ్యయనంలో భుజానికో మోచేతికో ఆపరేషన్ అయిన 95 మంది కుర్ర పిచ్చర్లను, గాయం లేని 45 మందితో పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచ్ చేసేవాళ్లు ఆపరేషన్ బల్ల మీదికి చేరే అవకాశం 5 రెట్లు. చెయ్యి అలసినా తరచూ విసిరేవాళ్లకు 36 రెట్లు. అయిపోయాక వెనక్కి తిరిగి అడిగి చేసిన పోలిక కాబట్టి ఆ 36ని తూకం వేసినట్టు పట్టుకోనక్కర్లేదు, కానీ సగానికి సగం కొట్టేసినా అది చిన్న అంకె కాదు. 2011లో వచ్చిన ఇంకో అధ్యయనం 481 మంది పిల్లలను పదేళ్లు గమనించింది. ఏడాదికి 100 ఇన్నింగ్స్‌కి (బేస్‌బాల్‌లో ముగ్గురు ఔటయ్యేదాకా వేస్తే పిచ్చర్‌కి ఒక ఇన్నింగ్స్) మించి పిచ్ చేసినవాళ్లకు తీవ్ర గాయం ముప్పు మూడున్నర రెట్లు.

ఈ లెక్కల వల్లే అక్కడ నియమాలు వచ్చాయి. లిటిల్ లీగ్ 2007లో ఇన్నింగ్స్ లెక్క వదిలేసి బంతుల లెక్కకి మారింది, ఎందుకంటే ఒక ఇన్నింగ్స్ పది బంతుల్లో అయిపోవచ్చు, నలభై పట్టొచ్చు. 2014లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆ దేశపు బేస్‌బాల్ సమాఖ్య యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ అని సూచనలు తెచ్చాయి. ఏడెనిమిదేళ్ల వాళ్లకు రోజుకి 50 బంతులు, తొమ్మిది పదేళ్లకు 75, పదకొండు పన్నెండుకి 85, పదమూడు నుంచి పదహారు దాకా 95, పదిహేడు పద్దెనిమిదికి 105. అంతకంటే ముఖ్యమైంది విశ్రాంతి: పద్నాలుగేళ్లలోపు పిల్లాడు ఒక రోజు 66 దాటితే నాలుగు రోజులు పిచ్చింగ్ లేదు. మంగళవారం 68 వేసిన మావాడు ఈ లెక్కన ఆదివారం దాకా పిచ్ చేయకూడదు, గురువారమే ఫైనల్ ఆడాడు. పిచ్చర్‌గా ఆడినవాడిని క్యాచర్‌గా కూర్చోబెట్టవద్దని కూడా సూచన ఉంది. మైదానంలో పిచ్చర్ తర్వాత ఎక్కువ విసిరేది క్యాచరే. మా దగ్గర మాత్రం "ఇయ్యాల పిచ్చింగ్ లేదు కద, రెస్టే" అని క్యాచర్‌ని చేశారు.

బంతుల లెక్క పెట్టినా దానికీ చిల్లులున్నాయి. అమెరికా హైస్కూల్ మ్యాచ్‌ల్లో వార్మప్‌లో, పక్కన సిద్ధమయ్యేటప్పుడు విసిరేవాటిని కూడా లెక్కపెట్టి చూస్తే, మ్యాచ్ రోజు విసిరిన మొత్తంలో సుమారు 42 శాతం అధికారిక లెక్కలోకే రావడం లేదని 2018లో తేలింది. స్కోరర్లున్న చోటే ఇట్లుంటే మన దగ్గర సంగతి ఎవరికి తెలుసు.

ఇక్కడ మా క్రికెట్ దోస్తులు ఒక మాట అంటారు: "మా కాలంలో మేం పొద్దుందాక వేయలేదా, ఏమైంది?" జపాన్‌లో ఇదే వాదన చాలా ఏళ్లు నడిచింది. అక్కడి హైస్కూల్ టోర్నమెంట్ కోషియెన్‌లో 1998లో దైసుకే మత్సుజాకా 17 ఇన్నింగ్స్ సాగిన ఒకే మ్యాచ్‌లో 250 బంతులు వేశాడు. వీరగాథగా చెప్పుకున్నారు. ఆయన అమెరికా దాకా వెళ్లి గొప్పగా ఆడాడు, 2011లో ఆయన మోచేతికీ టామీ జాన్ ఆపరేషనే అయింది. అలా వేసి మధ్యలోనే ఆట వదిలేసిన పిల్లల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అందుకే "ఏమైంది" అని అడగడం తేలిక. చివరికి జపాన్ హైస్కూల్ బేస్‌బాల్‌లో 2020 నుంచి వారానికి 500 బంతులే అని హద్దు పెట్టారు. పెద్ద హద్దే అది, కానీ అంత పట్టుదల ఉన్న దేశంలో హద్దు పెట్టడమే విశేషం. నా సంగతికొస్తే, ఎన్.జి. కాలేజీ గ్రౌండ్‌లో "పొద్దుందాక వేసిన" ఈ భుజంతో ఇప్పుడు బస్సులో పైన బ్యాగు పెట్టాలంటే ఎడమ చెయ్యే లేస్తుంది.

క్రికెట్ బౌలింగ్‌లో దెబ్బ వేరే చోట పడుతుంది. బంతి వేసేటప్పుడు వంగిన మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపకూడదన్న నియమం వల్ల మోచెయ్యి కొంత బతికిపోతుంది, భారం ఎక్కువగా నడుం కింది ఎముకల మీద పడుతుంది. ఫాస్ట్ బౌలర్లకు అక్కడ స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి, ఎక్కువగా బౌలింగ్ చేతికి ఎదుటి వైపు. బుమ్రాకి 2019లో వచ్చింది, 2023లో నడుముకి ఆపరేషనే అయింది. ఇంగ్లండ్ బోర్డు పదమూడేళ్లలోపు ఫాస్ట్ బౌలర్లకు స్పెల్‌కి 5 ఓవర్లు, రోజుకి 10 అని హద్దు పెట్టింది అందుకే. అయితే గల్లీ క్రికెట్‌లో ఆ నియమం ఎవరు చూస్తారు, సగం మందిది త్రో బౌలింగే, మా దగ్గర బట్టా అంటాం. బట్టా వేసే పిల్లాడి మోచేతికి అది క్రికెట్టో బేస్‌బాలో తేడా తెలియదు.

ఇంకోటి వేగం పిచ్చి. మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబర్‌లో పిచ్చర్ల గాయాల మీద ఒక నివేదిక తెచ్చింది. ప్రతి బంతినీ గరిష్ఠ వేగంతో వేయాలన్న పరుగే ముఖ్య కారణాల్లో ఒకటని, అది పైనుంచి పిల్లల దాకా దిగిందని అందులో చెప్పారు. మన పిల్లలు ఫోన్‌లో స్పీడ్ చూపించే యాప్‌లు పెట్టుకుని ఆడుతున్నారు. ఆ అంకె చూసుకుంటే నూటికి నూరు పెట్టి విసరాలనే అనిపిస్తుంది, వాళ్లని అనేం లాభం.

ఏడాదిలో నాలుగు నెలలు విసరకుండా ఉండాలని, అందులో రెండు మూడు నెలలు ఏకబిగిన ఉండాలని పిచ్ స్మార్ట్ చెబుతుంది. మన క్యాలెండర్‌లో ఖాళీ ఎక్కడుంది? బడి తెరిచాక మండల సెలక్షన్లు, తర్వాత జిల్లా, ఆపైన రాష్ట్రం. దసరాకి ఊరి టోర్నమెంట్, సంక్రాంతికి ఇంకోటి, మే నెలలో సమ్మర్ క్యాంప్. మిగిలేది పరీక్షల కాలం ఒక్కటే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్లలు చదవాలని ఎలాగూ గ్రౌండ్ నుంచి లాక్కొస్తాం, ఆ మూడు నెలలు చేతికి పూర్తి సెలవుగా లెక్కేసి, గల్లీలో కూడా విసరనివ్వకుండా, కాళ్లూ నడుమూ బలపడే పరుగులు, స్క్వాట్లు చేయించొచ్చు. విసిరే బలం చాలావరకు కాళ్లలోనే పుడుతుంది, కాళ్లు ఇవ్వని బలాన్ని పిల్లాడు మోచేతితో పూడుస్తాడు. నాలుగో నెల కోసం సమ్మర్ క్యాంప్ వాళ్లతో పోట్లాడాలి. మేం ఇంకా పోట్లాడుతూనే ఉన్నాం.

"నొప్పి ఉందా?" అని పిల్లాడిని అడిగితే లేదనే అంటాడు, ఉందంటే టీంలో తీసేస్తారని వాడికి తెలుసు. కాబట్టి అడగొద్దు, చూడాలి. రెండు చేతులూ ముందుకు చాపి అరచేతులు పైకి పెట్టమనండి, విసిరే మోచెయ్యి రెండోదాని అంత నిటారుగా రాకపోతే అదే మొదటి కబురు. బకెట్ ఏ చేత్తో లేపుతున్నాడు, అన్నం ఏ చేత్తో తింటున్నాడు. మ్యాచ్‌లో అయితే బంతులు ఎత్తుగా పోవడం మొదలవుతుంది, మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతుంది, బంతికీ బంతికీ మధ్య టైం పెరుగుతుంది, చెయ్యి విదిలిస్తుంటాడు. అప్పుడు లెక్క 30 అయినా సరే ఆపేయాలి, హద్దు 95 ఉంది కదా అని సాగదీయకూడదు. టప్‌మని చప్పుడు వినబడినా, మోచెయ్యి వాచినా, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

మేం చేసింది చిన్న పని. పది రూపాయల నోట్‌బుక్ కొన్నాం, ముగ్గురు సార్లనూ ఒక వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాం. ఆట ఏదైనా విసిరింది రాత్రికి నోట్‌బుక్‌లో పడాలి, ఫొటో గ్రూప్‌లో పడాలి. మొదటి వారం క్రికెట్ సార్ ఒక్కమాట కూడా పెట్టలేదు, రెండో వారం "శనివారం వీనికి బౌలింగ్ వద్దు, ఫీల్డింగ్ స్లిప్‌లో" అని తనే రాశాడు.

ఆరు వారాలయ్యాక డాక్టర్ సరేనన్నారు. మెల్లగా, దగ్గరి దూరం నుంచి, రోజు విడిచి రోజు. మొదటి రోజు 25 విసుర్లు. ఇరవై ఐదో బంతికి ఆపమంటే మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"మామా, పొద్దుగాల మామిడి చెట్టుకి రాళ్లేసిన. అవి గూడ రాయాల్నా?"

"ఎన్ని?"

"పదకొండు."

"రాయి."